మా అమ్మాయి నేర్పిన బూడిద రొట్టె

మా అమ్మాయి ఈ ఎండాకాలంలో నెల్లూరు ఆసుపత్రిలో పోయింది. కిడ్నీల జబ్బు. ఆ ఉదయం వాళ్ళ నాన్న ఫోను చేసి, "ఇంటికి తీసుకొస్తా ఉండాం" అన్నాడు. నయమైందేమోనని నేను పక్క దులిపి వేశాను.

నేను అయిదో తరగతి దాకానే చదివాను. తప్పులుంటే చదివేవాళ్ళు సర్దుకోండి. బిడ్డ మాకు నేర్పిన ఒక పూట తిండి గురించి చెప్పాలి. ఈ ఏడు ఆ తిండి ముట్టకూడదనే అనుకున్నాను.

మాది సముద్రం పక్క ఊరు. యూదుల పద్ధతిలో దేవుణ్ణి కొలిచే ఇళ్ళు ఇక్కడ కొన్నే ఉన్నాయి, అందులో మాదొకటి. మా ఆయన రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉంటాడు. మా ధర్మంలో రొయ్య తినకూడదు. "నీకంటే నమ్మకమైన కాపలా ఎవుడు దొరుకుతాడన్నా, ఒక్క రొయ్య నోట్లో ఏసుకోవు" అని గుంటల యజమాని నవ్వుతాడు.

వానలు మొదలయ్యే రోజుల్లో మాకొక దుఃఖపు ఉపవాసం వస్తుంది. యెరూషలేములో మందిరం కాలిపోయిన రోజది. పొద్దు గూకినప్పటి నుంచి మరునాడు చీకటి పడేదాకా మంచినీళ్ళు కూడా తాగం. పస్తుండాలి కదా అని ముందు కడుపు పట్టినంత తినేవాళ్ళం. ఆ తిండికీ పద్ధతి ఉందని అమ్మాయే పెద్దవాళ్ళని అడిగి తెలుసుకుంది. మాంసం, చేప వద్దు. వండినది ఒక్కటే ఉండాలి, ఉడకబెట్టిన గుడ్డు చాలు. రొట్టె ముక్క బూడిదలో అద్దుకోవాలి. నేలమీద కూర్చుని తినాలి.

"రోజూ నేలమీదే కదమ్మే తినేది, ఇందులో దుఃఖమేముండాది?" అన్నాను.

"అయితే చాప తీసెయ్ అమా" అంది అది.

ఆ మొదటి ఏడు ఉత్త గుడ్డు పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. మునక్కాయలు వేసి గుడ్ల పులుసు పెట్టాను. అది చట్టి మూత తీసి చూసి, "అమా, గుడ్డొక వంట, మునక్కాయొక వంట" అంది.

"ఒకే చట్టిలో కదా వండినా!"

"ఒకే చట్టిలో వండినా రెండేనంట. ఏడాది పొడుగునా అట్నే కలిపి వండుకునేదైతేనే ఒకటంట."

"మీ అమ్మ మునక్కాయ లేకుండా ఎప్పుడన్నా గుడ్ల పులుసు పెట్టిందా?" అన్నాడు మా ఆయన.

అది నవ్వు ఆపుకోలేకపోయింది. "సరే, ఈ ఏడాదికి మీరు గెలిచినారు. కడుపు నిండాల గానీ సంబరం ఉండకూడదు నాయనా" అంది. మరుసటి ఏడు ఉత్త గుడ్లే ఉడకబెట్టాను.

ఇంకొక పద్ధతి. తిన్న తర్వాత ముగ్గురు కూడితే కలిసి చెప్పే స్తోత్రం ఒకటుంది. ఆ పూట అది కలిసి చెప్పకూడదు, అందుకని ముగ్గురు ఒకచోట కూర్చోరు. లెక్కలోకి మగవాళ్ళే వస్తారని పెద్దవాళ్ళు చెప్పారట. అది ఒప్పుకోలేదు. "మనల్ని లెక్కబెట్టకపోతే మనకి దుఃఖం లేనట్టేనా అమా?" అని ముగ్గురినీ మూడు గోడల దగ్గర కూర్చోబెట్టింది. ఎవరి పళ్ళెం వాళ్ళది, మాటల్లేవు.

జబ్బు చేశాక అమ్మాయి ఉపవాసం మానేసింది. రోగులు తినాలన్నది కూడా దేవుడి మాటేనంది. ఉపవాసం రోజు పొద్దున ఇడ్లీ తింటుంటే పక్కింటామె, "నువ్వే మానేస్తే ఎట్టమే?" అంది. "ఏడవడానికి కూడా బలం కావాలక్కా" అని ఇంకో ఇడ్లీ పెట్టుకుంది.

ఈ ఏడు ఆ సాయంత్రం వచ్చింది. నేను మంచం దిగలేదు. మా ఆయన గుంటల దగ్గర నుంచి పొద్దుండగానే వచ్చి, తనే గుడ్లు ఉడకబెట్టాడు. నీళ్ళ పొయ్యిలోంచి బూడిద తెచ్చాడు.

"లేమే, పొద్దు గూకుతా ఉండాది."

"నాకొద్దు. ఎన్నడో కాలిపోయిన మందిరానికి ఏడ్చే ఓపిక నాకు లేదు. నా ఇల్లు ఇప్పుడే కాలిపోయింది."

ఆయన పళ్ళెం పట్టుకుని అట్నే నిలబడ్డాడు. "నాకు మాత్రం ఓపికుందా? బిడ్డ చెప్పింది కదాని చేస్తా ఉండా" అన్నాడు.

నేను మంచం దిగి, నా పళ్ళెం తీసుకుని నా గోడ దగ్గర కూర్చున్నాను. ఆయన తన గోడ దగ్గరికి పోలేదు. వచ్చి నా పక్కనే చతికిలబడ్డాడు.

"ఏమయ్యా, విడివిడిగా కదా కూర్చోవాల?"

"ముగ్గురైతేనే మే. ఇద్దరికి ఏం అడ్డం లేదు."

ఆ మాట అన్నాక ఆయన తల ఎత్తలేదు. గుడ్డు ఒలవబోతే పెంకుతో పాటు తెల్లసొన కూడా ఊడి వస్తోంది. నేను తీసుకుని ఒలిచి ఆయన పళ్ళెంలో పెట్టాను. బయట వెలుగు ఇంకా కొంచెం ఉంది. ఇద్దరం మోకాళ్ళు తగిలేటంత దగ్గరగా కూర్చుని తిన్నాం.