గోడ మీద తాడు పట్టేవాడు

నాన్‌జింగ్ చూడ్డానికొచ్చేవాళ్లకి ఒక వరస ఉంటుంది. పొద్దున్నే కొండ కింద మింగ్ చక్రవర్తి సమాధి, దారి పొడవునా రాతి ఏనుగుల పక్కన ఫోటోలు. మధ్యాహ్నం ఊరి పేరున్న ఉప్పుబాతు కూరతో భోజనం. సాయంత్రం కన్ఫ్యూషియస్ గుడి ముందు పడవ షికారు. మధ్యలో ఎక్కడో, కాళ్లు లాగే వేళకి, కోటగోడ. ఎక్కుతారు, గాలి బాగుందంటారు, దిగిపోతారు. ఇన్ని రాజవంశాలు కాపురం చేసి పోయిన ఊళ్లో అంతకంటే తీరిక ఎవరికుంటుంది? కానీ వందల ఏళ్ల నాటి గోడకి ఒక్క మొక్కయినా లేదేమిటని మాత్రం ఎవరూ అడగరు.

మొక్కలు మర్యాదకి మొలవడం మానెయ్యవు. పిట్ట రెట్టతో పడిన మల్బరీ గింజ ఇటుకల సందులో నిక్షేపంగా మొలుస్తుంది. పట్టించుకోకపోతే వేరు లావెక్కి ఇటుకనే బయటికి నెడుతుంది. ఆ మొక్కల్ని పీకే పనిలోనే రుయ్ చాంగ్‌ఫా వయసంతా గడిచింది. నడుముకి తాడు కట్టుకుని, చేతిలో చిన్న కొడవలితో గోడకి వేలాడి పీకేవాడు. మోకాళ్లు అరిగాక మేస్త్రీ అతన్ని గోడ పైకి మార్చాడు. ఇప్పుడు అతను తాడు పట్టేవాడు. వేలాడేది అతని బావమరిది తాన్ షుయ్‌గన్.

తాడు రెండు. ఒకటి పైన ఇనుప కమ్మీకి చుట్టి, కొస చాంగ్‌ఫా చేతిలో ఉంటుంది. దాన్ని వదిలేకొద్దీ షుయ్‌గన్ కిందికి దిగుతాడు. రెండోది కమ్మీకి కట్టేసిన ప్రాణతాడు, కాస్త వదులుగా. మొదటిది చేజారితే పట్టుకునేది అదే.

"పైన నిలబడి జీతం తీసుకోడం భలే ఉద్యోగం బావా," అని షుయ్‌గన్ కింది నుంచి వేళాకోళమాడేవాడు. "గబ్బిలంలా వేలాడ్డానికి మేమున్నాం."

"నేను వేలాడి వేలాడే ఇక్కడికొచ్చానురా. నువ్వింకా ఈ గోడకి కొత్తల్లుడివి. నోరు మూసుకుని వేరుతో సహా పీకు," అనేవాడు చాంగ్‌ఫా.

చాంగ్‌ఫాకి పని బరువు కాదు. నిద్ర లేదు, అదీ బరువు. అతని అత్తగారికి మతి తప్పింది. ఆవిడ కొడుకు షుయ్‌గన్ ఇల్లు లిఫ్టు లేని ఆరో అంతస్తు. పైగా అతని భార్య కూతురి పురిటికని షాంఘై వెళ్లి అక్కడే స్థిరపడిపోయింది. అందుకని ముసలావిడ చాంగ్‌ఫా ఇంటికొచ్చింది, కింది వాటా కాబట్టి. పగలు ఆవిడ కూతురు, అంటే చాంగ్‌ఫా భార్య లింగ్‌ది, చూసుకుంటుంది. రాత్రి వంతు చాంగ్‌ఫాది. ఎవరూ బలవంతపెట్టలేదు, తనే నెత్తికెత్తుకున్నాడు.

రాత్రయితే ఆవిడ చిన్నపిల్లయిపోతుంది. కోట తలుపులు మూసేస్తున్నారనీ, కూరగాయల కావడితో వెళ్లిన నాన్న బయటే ఉండిపోయాడనీ లేచి కూర్చుంటుంది.

"అబ్బాయీ, మూసేశారా?"

"లేదత్తయ్యా, మీ నాన్న వచ్చేదాకా ఆగమని చెప్పొచ్చాను."

"కావలివాడు మంచివాడేనా?"

"మంచివాడే. పడుకోండి."

పడుకుంటుంది. కాసేపటికి మళ్లీ లేస్తుంది. ఇలా రెండేళ్లు. చాంగ్‌ఫా కళ్ల కింద సంచులు వేలాడాయి. అన్నం తింటూ తింటూ చాప్‌స్టిక్స్ చేతిలో అలాగే ఉంచుకుని కునుకు తీసేవాడు. విసుగు మాత్రం ఎవరి మీదా చూపించలేదు. చూపించడానికి కూడా కాస్త ఓపిక ఉండాలి గదా.

పోయిన శరత్కాలంలో, సరస్సు వైపు గోడ మీద, ఎండ వెచ్చగా కాస్తుంటే, అతనికి కునుకు పట్టింది. నిలబడే ఉన్నాడు, తాడు చేతిలోనే ఉంది. అరచేయి భగ్గున మండితే కళ్లు తెరిచాడు. తాడు సర్రున జారిపోతోంది. కింద దబ్బుమని గోడకి కొట్టుకున్న చప్పుడు. ప్రాణతాడు బిగుసుకుంది.

పైకి లాగేసరికి షుయ్‌గన్ మోకాలు చీరుకుపోయి ఉంది. మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు. చాంగ్‌ఫా నోరు తెరవకముందే షుయ్‌గనే అన్నాడు: "ఇటుక ఊడి కాలు జారింది మేస్త్రీ. ఆ విసురుకి బావ చేతిలో తాడు నిలవలేదు."

మేస్త్రీ ఇటుకని తిట్టి వెళ్లిపోయాడు. చాంగ్‌ఫా బొబ్బలెక్కిన చేతిని జేబులో పెట్టుకున్నాడు. నిద్రపోయానంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే ముసలావిడని ఏ వృద్ధాశ్రమంలోనో చేర్చాలి. ఆ మాట వింటే లింగ్‌ది మొహం ఎలా ఉంటుందో అతనికి తెలుసు. చెప్పకపోతే రేపు మళ్లీ అదే తాడు, అదే చెయ్యి, కింద అదే మనిషి.

మంచు పడి పని ఆగేదాకా అలాగే నడిచింది. మధ్యాహ్నాలు తన తొడ తనే గిల్లుకుంటూ నిలబడేవాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు, ఆ సిగ్గు కూడా నిద్రని ఆపలేకపోయింది. ఇంట్లోనేమో లింగ్‌ది వచ్చినవాళ్లందరికీ ఒకటే చెప్పేది: "మా తమ్ముడు ఎవరి చేతికీ తాడివ్వడు. మా ఆయన చేతికే."

కొత్త సంవత్సరం వచ్చింది. మొదటి నెల పున్నమి మర్నాడు నాన్‌జింగ్‌లో ఇంటిల్లిపాదీ కోటగోడ ఎక్కాలి. ఎక్కితే రోగాలు గోడ మీదే వదిలిపోతాయని నమ్మకం. ఆ మర్నాడు చాంగ్‌ఫా వాళ్ల పని మళ్లీ మొదలవుతుంది. ముసలావిడ పొద్దున్నే చెప్పులేసుకుని సిద్ధంగా కూర్చుంది. ఏ యుగంలో ఉందో గాని, ఈ పండగ మాత్రం మర్చిపోలేదు.

చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి దక్షిణ ద్వారం దగ్గర ఒకప్పుడు గుర్రాలు గోడ పైకెక్కిన వాలుదారిలో తోశారు. చాంగ్‌ఫా వెనక నుంచి, షుయ్‌గన్ పక్క నుంచి. ఊరు ఊరంతా అక్కడే ఉంది. పిల్లలు, మిఠాయి పుల్లలు, మోకాళ్లు పట్టుకుని ఎక్కే పెద్దవాళ్లు. లింగ్‌ది ముందు నడుస్తూ దారి చేస్తోంది.

"అమ్మ రోగం సంగతి తర్వాత, ముందు బావ రోగం వదలాలి. మొహం చూడండి, వారం క్రితం వండిన వంకాయలా ఉంది," అన్నాడు షుయ్‌గన్.

పైకెక్కాక ముసలావిడ ద్వారం వైపు చూసి, "తెరిచే ఉంది," అని తృప్తిగా కళ్లు మూసుకుంది. లింగ్‌ది వేడి సోయా పాలు తెస్తానని వెళ్లింది. బావా బావమరిదీ పిట్టగోడకి ఆనుకుని నిలబడ్డారు. కింద గోడ ఏటవాలుగా దిగిపోతోంది. ఇటుకల సందుల్లో అప్పుడే పచ్చటి మొలకలు.

"రేపు సరస్సు వైపే మొదలెడతారట. మేస్త్రీ అడిగాడు, తాడు ఎవరికిమ్మంటావని. ఎప్పటిలాగే బావకేనన్నాను," అన్నాడు షుయ్‌గన్.

చాంగ్‌ఫా కింది మొలకల్ని చూస్తూనే అన్నాడు: "నాకివ్వకు. ఆ రోజు ఇటుక కాదురా. నేను నిద్రపోయాను."

"తెలుసు."

చాంగ్‌ఫా తల తిప్పాడు.

"ఇటుక ఊడితే నా కాలికి తెలీదా బావా?" షుయ్‌గన్ గొంతులో వేళాకోళం లేదు. కోపం ఉంది, చాలాకాలం అణుచుకున్న కోపం. "ఆ తర్వాత రోజూ పొద్దున నీ కళ్లు చూసేవాణ్ణి. ఎర్రగా ఉంటే ప్రాణతాడు పొట్టి చేసి ఇంకో ముడి వేసుకునేవాణ్ణి."

"మరి మేస్త్రీకి చెప్పొచ్చుగా. వేరేవాడి చేతికి ఇవ్వొచ్చుగా."

"ఏమని చెప్పను? మా అమ్మని నీ ఇంట్లో పడేసి, మా బావ నిద్రపోతున్నాడని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

చాంగ్‌ఫా పిట్టగోడ కింద నేల మీదే కూర్చుండిపోయాడు. ఇన్నాళ్లూ తను దాచానని మోసిన బరువుని అవతల కొసన ఇంకొకడు వేలాడుతూ మోశాడు. ఇద్దరూ కలిసి ఒక ముసలిదాని కోసం ఒక ప్రాణం పోగొట్టుకునేవాళ్లే.

షుయ్‌గన్ జేబు తడుముకుని తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడు.

"రేపు తాడు వేరేవాళ్లు పడతారు. మేస్త్రీతో నేను మాట్లాడతాను. ఇవాళ్టి నుంచి అమ్మ దగ్గర ఒక రాత్రి నువ్వు, ఒక రాత్రి నేను. ఇవాళ నాది. నువ్వు మా ఇంటికెళ్లి పడుకో."

"ఆవిడ లేచి, తలుపులు మూసేశారా అంటుంది."

"అంటే?"

"మూయలేదనాలి. వాళ్ల నాన్న వచ్చేదాకా ఆగమన్నామని చెప్పాలి. కావలివాడు మంచివాడనాలి."

"సరే."

"ఒక్కసారి కాదురా. తెల్లారేదాకా."

"సరేనన్నాగా బావా."

చాంగ్‌ఫా తాళంచెవి వంక చూశాడు. "ఆరంతస్తులెక్కాలా?" అన్నాడు. అనేసి, జవాబు వచ్చేలోపే, జనం కాళ్ల మధ్య, గోడకి తల ఆనించి నిద్రపోయాడు. షుయ్‌గన్ ఒక చెయ్యి అమ్మ కుర్చీ మీద వేసి, రెండో చేత్తో బావ చొక్కా కాలరు పట్టుకుని, లింగ్‌ది వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు.