ఎండుచేపల కారు

మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళ్ళేవాళ్ళకి ఉషారాణి కారు తెలియకుండా ఉండదు. కంటికి కనబడకముందే ముక్కుకి తెలిసిపోతుంది. వెనక సీట్లు పీకేసిన పాత తెల్లకారు, అందులో నలుగురు ఆడవాళ్ళు, వాళ్ళ ఎండుచేపల గంపలు, స్టీరింగు దగ్గర ఉషారాణి. దారిలో ఎవరైనా మూతి తిప్పుకుంటే ఆమె అద్దం ఇంకాస్త కిందికి దించుతుంది. "పీల్చుకోండి, ఊరికే వస్తోంది కదా" అంటుంది. అలాంటి మనిషి.

ఆ కారు ఆమె సరదాకి కొన్నది కాదు. ఒక బస్సు కండక్టరు కొనిపించాడు.

ఆమె అత్త అప్పాయమ్మ కాపురానికి వచ్చిన నాటినుంచీ సంతల్లో ఎండుచేపలు అమ్ముతోంది. గంప నెత్తిన పెట్టుకుని నడిచిన రోజుల్లో ఎవరికీ ఏ వాసనా రాలేదు. బస్సెక్కడం మొదలుపెట్టాకే అందరికీ ముక్కులు మొలిచాయి. ఇప్పుడు ఆడవాళ్ళకి బస్సు ఉచితం. నిజమే, అప్పాయమ్మకి ఉచితమే, గంపకే చోటు లేదు. ఒకరోజు పాలకొల్లు సంతకి వెళ్తుంటే వెనక సీట్లో ఎవరో గొణిగారని కండక్టరు ఆమెని సగం దారిలో దించేశాడు. గంప తనే కిందికి తోశాడు. అందులోని నెత్తళ్ళు, వేలెడంత ఎండుచేపలు, రోడ్డంతా చెల్లాచెదురయ్యాయి. ఆవిడ వాటిని ఏరుకుని, దుమ్ము దులుపుకుని, ఇంటికి నడిచొచ్చి నోరు మెదపకుండా పడుకుంది. సంగతి పక్కింటివాళ్ళ ద్వారా ఉషారాణి చెవిన పడింది. అత్త ఏడ్చి ఉంటే ఆమె ఓదార్చి ఊరుకునేదేమో. కానీ అప్పాయమ్మ, "పోనీలేవే, వాసనొత్తే ఆళ్ళు మాత్రం ఏం చేత్తారు?" అంటూ కండక్టరునే వెనకేసుకొచ్చింది. దాంతో కోడలికి ఒళ్ళు మండిపోయింది.

మొగుడు చినబాబు బోటు మీద వేటకి తిరుగుతున్న ఆ సీజనులోనే ఉషారాణి డ్రైవింగు నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది, భీమవరం దగ్గర చేపల చెరువులున్న దుర్గాప్రసాదరాజు గారు వాడేసి పక్కన పెట్టిన కారుని బేరమాడి తోలుకొచ్చేసింది. చినబాబు ఒడ్డుకి వచ్చి గుమ్మం ముందు కారు చూసి, "ఎవరొచ్చారే?" అని అడిగాడు. "మనమే వచ్చాం" అంది.

అప్పాయమ్మకి ఆ కారు మీద ప్రాణం. పొద్దున్నే లేచి దాన్ని తుడిచి, పసుపు రాసి బొట్టు పెట్టేది. కోడలి చేత బోనెట్టు ఎత్తించి, రేడియేటరు మూత తీయించి, "ఎండలో తిరిగేది, దాహమేసుద్ది" అంటూ చెంబుతో నీళ్ళు పోసేది. రోజూ కొంచెం పట్టేది. రోజూ ఎందుకు పడుతోందో అత్తా ఆలోచించలేదు, కోడలూ ఆలోచించలేదు.

ఎండాకాలం ముదిరేసరికి కారు మొరాయించింది. సంతకి వెళ్తున్నప్పుడు వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటేసింది. ముందునుంచి బుసబుసమంటూ ఆవిరి లేచింది. ఆగిపోయిన చోటైనా మంచిదా అంటే, సరిగ్గా బస్సు స్టాపు ముందు. ఉషారాణి ఇంజను ఆపి, వేడి తగ్గేదాకా మూత జోలికి ఎవరినీ వెళ్ళనివ్వలేదు. అంతలో బస్సు రానే వచ్చింది. మెట్టు మీద అదే కండక్టరు.

"ఏమ్మా, కారు కూర్చుండిపోయిందా? గంపలక్కడొదిలేసి మీరెక్కండి, మీకు ఫ్రీయేగా!"

బస్సులో నవ్వులు. అప్పాయమ్మ తలదించుకుంది. మిగతా ఆడవాళ్ళు గంపల వైపు ఒకసారి, బస్సు వైపు ఒకసారి చూశారు. ఉషారాణికి ఆ చూపులే గుచ్చుకున్నాయి. కారు పోతే వీళ్ళంతా మళ్ళీ ఆ మెట్టు కిందే నిలబడి బతిమాలుకోవాలి. అత్త మళ్ళీ నెత్తళ్ళు ఏరుకోవాలి.

"మేం ఎక్కం. మీరు పోనివ్వండి" అంది.

చల్లారాక తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు పోసి, దారిపొడవునా ఆగుతూ ఆగుతూ, కారుని నరసాపురం రోడ్డులో ఉన్న మెకానిక్కు బుల్లియ్య షెడ్డుకి చేర్చింది. బుల్లియ్య పని తెలిసినవాడే. కాకపోతే ఆ రోజు ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని రెండడుగుల దూరంలో ఆగిపోయాడు.

"ఆయ్, ఇంజను హెడ్డు పోయుంటాదమ్మా. దింపాలి. దింపినా నిలబడుద్దని చెప్పలేను. రాజుగారు మీకంటగట్టేసినట్టున్నారు. తుక్కు కింద ఇచ్చేయండి, నేను చూసిపెడతాను. అయినా మీకెందుకండీ కారు?"

"బుల్లియ్యగారూ, బోనెట్టు ఎత్తకుండానే చెప్పేశారు. చూసి చెప్పారా, వాసన చూసి చెప్పారా?"

అతని జవాబు కోసం ఉషారాణి ఆగలేదు. మళ్ళీ దారంతా చల్లారబెట్టుకుంటూ ఇంటికి తోలుకొచ్చింది.

మర్నాడు పొద్దున చేపలు ఎండబెట్టే దిబ్బ పక్కనే బోనెట్టు ఎత్తి నిలబడింది. రాజుగారి మీద అప్పటికే ఆమెకి పీకలదాకా కోపం ఉంది. ఫోను చేసి ఆయన్ని కడిగెయ్యాలనుకుంది. కానీ కడిగేముందు తప్పేంటో తెలియాలి కదా. కారు స్టార్టు చేసి ముల్లు పైకి లేచేదాకా చూసి, ఇంజను ఆపి, రేడియేటరుకి ఉన్న రెండు రబ్బరు గొట్టాలనీ గుడ్డతో పట్టుకుంది. పైది చెయ్యి కాలేంత వేడిగా ఉంది. కిందది చల్లగా ఉంది. అంటే వేడినీళ్ళు పైనుంచి వస్తున్నాయి గానీ రేడియేటరులోంచి కిందికి దిగడం లేదు. లోపల ఏదో అడ్డం పడింది.

ఆ కింది గొట్టం బిగించిన చోట తెల్లటి చార కనబడింది. క్లిప్పు వదులై బొట్టుబొట్టుగా కారి, కారింది కారినట్టే ఎండిపోయిన చార. అలాంటి తెలుపు ఉషారాణికి కొత్త కాదు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చేపల మీద చూస్తూనే ఉంది. గోటితో గీకి నాలిక మీద పెట్టుకుంది.

ఉప్పు.

రాజుగారికి ఫోను చెయ్యాలన్న మాట అక్కడితో ఆగిపోయింది. వాళ్ళ ఊళ్ళో బోరు నీళ్ళు ఉప్పునీళ్ళు. గిన్నెలు కడగడానికి తప్ప పనికిరావు. తాగడానికి మంచినీళ్ళ ట్యాంకరు రావాలి, బిందెలు వరుసలో పెట్టాలి. అందుకే మంచినీళ్ళు మనుషులకి దాచి, కారుకి రోజూ బోరు నీళ్ళు పోస్తున్నారు. అవి కారిపోవడం, ఇంజను వేడికి ఆవిరైపోవడం, మళ్ళీ పోయడం. నీళ్ళు పోతున్నాయి, ఉప్పు మిగులుతోంది. ఇంటి ముందు కారు పేరుతో ఉప్పుమడి కట్టుకున్నారు.

బుల్లియ్యకి ఫోను చేసింది.

"హెడ్డు కాదండి. పై గొట్టం కాలిపోతోంది, కింద గొట్టం చల్లగా ఉంది. క్లిప్పు దగ్గర కారుతోంది. లోపలంతా ఉప్పు పేరుకుంది."

"ఉప్పని మీకెలా తెలుసు?"

"రుచి చూశాను."

అవతల బుల్లియ్య నవ్వేశాడు. అది వెటకారం నవ్వు కాదు. "సరే వినండి. చల్లారాక రేడియేటరు కింద బిరడా ఇప్పి నీళ్ళన్నీ వదిలెయ్యండి. నిమ్మఉప్పు కలిపిన మంచినీళ్ళు పోసి, కాసేపు ఇంజను తిప్పి, చల్లారాక మళ్ళీ వదిలెయ్యండి. తేటనీళ్ళు వచ్చేదాకా కడుగుతానే ఉండండి. అప్పటికీ దిగకపోతే రేడియేటరు తీసి పట్టుకురండి. నేనే చూత్తాను, ఆయ్."

అసలు గొడవ అప్పుడు మొదలైంది. మంచినీళ్ళ బిందె ఎత్తబోతే అప్పాయమ్మ అడ్డం వచ్చింది.

"మనుషులకే చాలని నీళ్ళు బండికి పోత్తావా? బోరు నీళ్ళకేం రోగం? నేను రోజూ పోత్తన్నానుగా!"

"ఆ నీళ్ళేనత్తా దీని పీక నొక్కింది" అనేసింది ఉషారాణి.

అనేశాక నాలిక కరుచుకుంది. అప్పాయమ్మ కారు ముందు చతికిలబడి, బొట్టు పెట్టిన చోట చెయ్యి వేసి, "నేనే సంపేత్తన్నానా దీన్ని?" అంది. బస్సులోంచి దించేసిన రోజు కూడా ఆవిడ అలా చతికిలబడలేదు. ఉషారాణి ఆవిడ పక్కనే కూర్చుంది.

"నువ్వు దాహం తీర్చావత్తా. మూత తీసి పోయించింది నేను. డ్రైవర్ని నేను, తెలుసుకోవాల్సింది నేను. కానీ ఈ బండి పోతే నిన్ను మళ్ళీ ఆ బస్సు మెట్టు కింద చూడాలి. నా వల్ల కాదు. ఇవాళ మనం దాహంతో ఉన్నా సరే, దీనికి మంచినీళ్ళే."

అప్పాయమ్మ లేచి లోపలికి వెళ్ళి, తన మంచం కింద మూతపెట్టి దాచుకున్న బిందె చంకనెత్తుకుని వచ్చింది. ఆవిణ్ణి చూసి మిగతా ఆడవాళ్ళూ తలా ఒక బిందె తెచ్చారు. మగాళ్ళు కొందరు చోద్యం చూస్తూ, "కారుకి తలంటు పోత్తన్నారా?" అని వేళాకోళమాడారు. "పోత్తన్నాం, కుంకుడుకాయలు మీరట్టుకురండి" అని అప్పాయమ్మే జవాబిచ్చింది.

మొదట దిగిన నీళ్ళు తుప్పు రంగులో చిక్కగా ఉన్నాయి. తర్వాత పెచ్చులు పెచ్చులుగా తెల్లటి మట్టి వచ్చింది. ఉషారాణి వదులుతూనే ఉంది, వాళ్ళు పోస్తూనే ఉన్నారు. చివరికి ముఖం చూసుకునేంత తేటగా దిగాయి. కొత్త క్లిప్పు బిగించి, షాపునుంచి తెచ్చిన, ఇంజనుని చల్లబరిచే కూలెంటు మంచినీళ్ళతో కలిపి నింపి, ఇంజను తిప్పి కింది గొట్టం పట్టుకుంది. ఈసారి అదీ వేడెక్కింది. గొట్టం వేడికి అంత సంతోషించిన మనిషిని ఆ ఊరు అంతకుముందు చూసి ఉండదు.

సంతరోజు గంపలెక్కించారు. అప్పాయమ్మ ముందు సీట్లో కూర్చుని ఒళ్ళో మంచినీళ్ళ సీసా పెట్టుకుంది. దారిలో దగ్గొచ్చినా మూత తియ్యలేదు. "తాగత్తా" అంటే, "ఇది బండిది" అంది. వెనకవాళ్ళు మాటలు మానేసి ముల్లు వైపే చూస్తున్నారు. ముల్లు లేచి మధ్యలో నిలబడింది.

బస్సు స్టాపు వచ్చింది. బస్సు ఆగి ఉంది. ఉషారాణి సాఫీగా దాటిపోవచ్చు. కానీ దాటలేదు. బస్సు పక్కనే మండుటెండలో కారు ఆపి, ఇంజను ఆపకుండా కూర్చుంది. మరిగితే ఇక్కడే, అందరి ముందే మరగనీ అనుకుంది. ముల్లు కాస్త పైకి జరిగింది. వెనక ఎవరో దేవుణ్ణి తలుచుకున్నారు. రేడియేటరు ఫ్యాను గిర్రున తిరిగింది. ముల్లు మళ్ళీ మధ్యకి దిగింది.

కండక్టరు తల బయటికి పెట్టాడు. "ఏం మామ్మా, బాగయ్యిందా కారు?"

ఉషారాణి నోరు తెరవబోయింది. అంతకుముందే అప్పాయమ్మ తన వైపు అద్దం దించింది. సగం కాదు, మొత్తం దించేసింది.

"బాగయ్యింది నాయనా. వాసనొత్తందా?"

అతను తల లోపలికి లాక్కున్నాడు.

"రావాలి మరి. ఎండుచేపలు" అని, ముందుకి తిరిగి, "ఇంక పోనియ్యవే" అంది కోడలితో. ఉషారాణి గేరు వేసింది.