ఆరున్నొకటో బోరింగు

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఎండాకాలం మొదట్లో, పుల్లలచెరువు మండలంలోని కొన్ని పల్లెల బోరింగు ఫిర్యాదుల పని నాకు అప్పగించారు. మార్కాపురంలో మాది నలుగురం పనిచేసే చిన్న కంప్యూటర్ సంస్థ. నా హోదా సీనియర్ ప్రోగ్రామర్. జూనియర్ ఎవరూ లేరు, అది వేరే సంగతి.

బోరింగు చెడితే ఊరివాళ్లు దాని నంబరు ఫోన్లో మెసేజ్ పెడతారు. మా ప్రోగ్రామ్ ఆ నంబరు పట్టుకుని మెకానిక్‌కు పంపుతుంది. జనం ఒకే తీరుగా రాయరు కదా. ఒకరు "4" అంటారు, ఒకరు "4వ బోరింగు", ఇంకొకరు "సార్ బోరింగు నం.4". వీటిలోంచి అంకెలు ఏరడానికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనే గుర్తుల వరస రాస్తాం. మా వాడుకలో రెజెక్స్. నేను రాసినదాంట్లో ఉన్నవి మూడే గుర్తులు: \d+. మొదట కనబడిన అంకెల గుంపు తీసుకో, తక్కినది వదిలెయ్ అని దాని అర్థం. ఇంత పొట్టి రాతతో పని ముగించానని తెగ మురిసిపోయాను.

అడవి అంచు పల్లె ఒకదాని నుంచి ఆరో బోరింగు మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. మెకానిక్ ఓబులేసు వెళ్లి కొట్టి చూస్తే నీళ్లు బ్రహ్మాండంగా వస్తున్నాయి. మర్నాడు మళ్లీ ఫిర్యాదు. అతను వాషర్లు మార్చాడు, తర్వాత చైను మార్చాడు, చివరికి హ్యాండిలు కూడా మార్చాడు. అయినా ఫిర్యాదులు ఆగలేదు. వరసగా అబద్ధపు ఫిర్యాదులు పెడితే ఆ ఫోను నంబరును ఆపెయ్యాలని నిబంధన. ప్రోగ్రామ్ ఆపేసింది.

ఇంకో నిబంధన ఉంది. ఎండాకాలంలో ఒక్క ఫిర్యాదూ రాని బోరింగు వాడకంలో లేనట్లే లెక్క, దాన్ని పీకి వేరే ఊళ్లో బిగించాలి. ఆ పల్లెలో అలాంటిది ఏడో బోరింగు. శుక్రవారం పీకాలని జాబితా వచ్చింది. ఆ జాబితా తయారు చేసిందీ నా ప్రోగ్రామే.

బుధవారం మార్తమ్మ అనే కూలీ మనిషి బస్సెక్కి మా ఆఫీసుకు వచ్చింది. ఆపేసిన ఫోను ఆమెది. వాళ్ల వీధంతా దూరపు పొలం బావికి నడుస్తున్నారట, ఆ బావి ఆసామి కూడా ఇక రావద్దన్నాడట.

"ఆరో బోరింగు చెడిందని మేమెప్పుడు చెప్పినాము సారూ?" అని అడిగింది.

నేను దర్జాగా ఆమె మెసేజ్ తీసి చూపించాను. "6+1 నీళ్లు రావడం లేదు" అని ఉంది.

"అదే గదా, ఆరున్నొకటి" అంది. అంటే ఏడా అన్నాను. ఆమె మొహం చిట్లించింది.

"ఆ మాట అనొద్దు సారూ. ఆ పేరుతో పిలిచినన్నాళ్లూ అది ఏడుస్తానే ఉండె. ఆరున్నొకటని దిమ్మె మీద రంగుతో రాపిచ్చినాక రెండేండ్లు నీళ్లిచ్చింది."

నాకు తల కొట్టేసినట్లయింది. మా నాయనది ధాన్యం దుకాణం. కొలిచేటప్పుడు ఒకటి అనడు, లాభం అంటాడు. ఏడు అనడు, ఆరున్నొకటి అంటాడు. పుట్టినప్పటి నుంచి విన్న లెక్క అది, రెజెక్స్ రాసేటప్పుడు గుర్తుకు రాలేదు.

ఆ మధ్యాహ్నమే, మెసేజ్‌లో ఎన్ని అంకెలుంటే అన్నీ కూడమని ప్రోగ్రామ్‌ను దిద్దాను. గంట తిరక్కుండా ఓబులేసు ఫోన్ చేశాడు.

"అన్నా, మళ్లా ఆరేనంట. మార్చేదానికి ఇంగేం మిగల్లేదు. దండేసి దణ్ణం పెట్టి వచ్చేదా?"

ఎవరో "4వ బోరింగు, 2 రోజుల నుంచి రావడం లేదు" అని పెట్టారు. నాలుగూ రెండూ ఆరు. నా తెలివి తెల్లారినట్లే ఉంది!

ఈసారి బుద్ధిగా రాశాను. ముందు 6+1 ఉందేమో చూడాలి, ఉంటే అది ఏడు. లేకపోతే, ఒకే సంఖ్య ఉంటేనే తీసుకోవాలి. రెండుంటే ఏ బోరింగని తిరిగి అడగాలి. పాత ఫిర్యాదులన్నీ ఏడు కిందికి మార్చి, మార్తమ్మ ఫోను విడిపించి, జాబితా మళ్లీ తీయించాను. పీకాల్సిన వాటిలోంచి ఏడు తప్పుకుంది.

శుక్రవారం ఓబులేసుతో నేనూ వెళ్లాను. లోపల పైపు విరిగి ఉంది. అది మార్చగానే నీళ్లు వచ్చాయి. పని పూర్తయినట్లు ఊరివాళ్ల సంతకం కావాలి. ఫారంలో "బోరింగు నం. 7" అని అచ్చయి ఉంది. మార్తమ్మ పెన్ను పట్టుకోనంది.

"ఇప్పుడే నీళ్లు వచ్చినాయి సారూ. మళ్లా ఏడిపిచ్చొద్దు."

అచ్చయిన నంబరు దిద్దకూడదని నిబంధన. నేను కొట్టేసి 6+1 అని రాసి, పక్కన నా పొడి సంతకం పెట్టాను. అప్పుడు ఆమె చేసింది.

ఆ ఉదంతం నేర్పిన సంగతి చిన్నదే. పూర్తిగా అర్థం కాని రాత వస్తే, చేతికి చిక్కిన ముక్కతో సరిపెట్టుకోకుండా రాసినవాళ్లను అడగాలి. నా ప్రోగ్రామ్ అడగలేదు. అడగమని నేను దానికి చెప్పలేదు.