బుస్సు మాస్టారి బీరువా

చెవి దగ్గర పెట్టుకోకుండా సీసా మూత తీసిన పాపాన పోలేదు బుస్సు మాస్టారు. బుస్సుమంటే ముఖం చేటంత అయ్యేది. అనకపోతే ఆ పూట అన్నం సయించేది కాదు. సీసాల ఫ్యాక్టరీలో, పరీక్షల గదిలో పాతికేళ్లు చేసిన మనిషి మరి. మందుసీసానైనా వదిలేవారు కాదు.

"మాస్టారూ, అది దగ్గుమందు," అంది ఒకసారి పూతమ్మాయి.

"అయితే ఏం? దాని మాటా విందాం."

పూతమ్మాయి ఆ ఏడే చేరిన ఇంజనీరు. ప్లాస్టిక్ సీసా గోడలోంచి సోడాలోని గ్యాసు మెల్లగా జారుకుంటుంది. అది జారుకోకుండా సీసా లోపల వెంట్రుకలో వెయ్యో వంతు మందాన పూత వెయ్యడం ఆమె పని. ఆ రోజులు తలుచుకుంటే ఆమెకి ఇప్పటికీ నవ్వొస్తుంది, వెనకే కళ్లు చెమరుస్తాయి.

ఏడాది తిరిగేసరికి మేనేజరుకి అనుమానం పట్టుకుంది. "కంటికి కనపడని పూత ఉంటేనేం, లేకపోతేనేం? ఎల్లుండి మిషను ఆపేద్దాం. నువ్వు ఇంకో ఉద్యోగం చూసుకోమ్మా."

"పరీక్షల్లో తేలింది కదండీ," అందామె.

"కాగితం మీద అంకెలదేముంది?"

పాత సీసాలు చూపిద్దామంటే, మూణ్ణెల్లు దాటినవి పారెయ్యడం అక్కడి రూలు. పూతమ్మాయి తన బల్ల సర్దుకోవడం మొదలుపెట్టింది.

మర్నాడు మాస్టారు సంచితో వచ్చి, మేనేజరు బల్ల మీద రెండు సోడా సీసాలు పెట్టారు. రెంటి మీదా ఏడాది కిందటి తేదీ ఉంది. "చెవి దగ్గర పెట్టుకుని తియ్యండి సార్."

పూత లేనిది మూగనోము పట్టింది. పూత వేసింది బుస్సుమని పొంగి మేనేజరు చెవినీ చొక్కానీ కలిపి తడిపింది.

"మిషను ఉండనివ్వండి," అన్నాడాయన చెవి తుడుచుకుంటూ.

వంకర లేబులు చూసి పూతమ్మాయి ఆ సీసాని గుర్తుపట్టింది. చేరిన రోజున తాను పూత వేసి, సోడా నింపి, లేబులు కుదరలేదని చెత్తబుట్టలో పడేసిన సీసా అది.

సాయంత్రం మాస్టారింటికి వెళ్లింది.

"ఏడాదిగా నా బట్టలన్నీ కుర్చీ మీదేనమ్మా," అంది ఆయన భార్య. "బీరువా సీసాలకిచ్చారు. తీసెయ్యమంటే, 'ఎప్పుడో ఒకప్పుడు ఆ పిల్లని నిలదీస్తారే, అప్పుడు చూపించడానికేం ఉంటుంది' అనేవారు."

మాస్టారు ఆ మాటలు వినపడనట్టు మంచినీళ్ల సీసా చెవి దగ్గర పెట్టుకున్నారు.

ఇప్పుడు పరీక్షల గది పూతమ్మాయిది. కొత్తగా ఎవరు చేరినా, వాళ్ల మొదటి సీసా తేదీ వేయించుకుని ఆమె ఇంటి బీరువాకి చేరుతుంది. వాళ్లాయన బట్టలు కుర్చీ మీద ఉంటాయి.