రెండోసారి గుచ్చని సూది

శంషాబాద్‌లో నేను పనిచేసేది చిన్న ల్యాబు. విమానాశ్రయంలో ఉద్యోగం దొరికి, మెడికల్ కోసం వచ్చేవాళ్లే ఎక్కువ. నా బల్ల మీద రెండు మైక్రోస్కోపులు. పాతదానికి కింద అద్దం ఉంటుంది, దాన్ని కిటికీ వైపు తిప్పి ఎండ వెలుతురుతో చూడాలి. కొత్తదానికి కరెంటు దీపం. సూది విషయంలో నాకు మొహమాటం లేదు. గాజుపలక మీద రక్తం పూత సరిగ్గా రాకపోతే ఎంత పెద్దమనిషైనా సరే, మళ్లీ వేలు పట్టి గుచ్చుతాను. తిట్టుకుంటే తిట్టుకోనీ.

ఆ రోజు మా అక్క కందుకూరు నుంచి చిక్కుడుకాయల సంచితో వచ్చింది. నెలగా జ్వరం వచ్చి పోతోందట, నాలుగు మెట్లెక్కితే ఆయాసమట. అమ్మ పోయాక నాకు జడలేసి బడికి పంపింది అక్కే. ఆ వేలికి సూది గుచ్చడానికి మనసు రాలేదు, అయినా గుచ్చాను. రక్తపు చుక్కను పలక మీద పెట్టి, ఇంకో పలక అంచుతో ఒక్క ఊపున లాగాలి. మధ్యలో ఆగకూడదు. నేను ఆగాను.

పూత ఆరాక రంగు పోసి కడిగి, నూనె చుక్క వేసి, కొత్తదాని పెద్ద లెన్సు కింద పెట్టాను. పూత కొసన పెద్ద పెద్ద కణాలు కనిపించాయి. కొసన కణాలు చెదిరి పెద్దగా కనిపిస్తాయి, అక్కడ చూసి ఏదీ చెప్పకూడదని మాకు నేర్పుతారు. లోపలికి జరిపాను. అక్కడా ఒకటి. లాగడం చెడిందిలే, ఇంకోటి చేద్దామని సూది తీశాను. అక్క వేలు కొంగులో దాచుకుంది.

"మళ్ల గుచ్చకే. నొప్పైతుంది."

పరాయి మనిషైతే వినేదాన్నా? అక్క కదా, సూది పక్కన పడేశాను. రక్తం తక్కువగా ఉంది, ఖర్జూరాలు తిను అన్నాను. పైగా పాతదాని అద్దం ఎండకు తిప్పి, ఆ పలకే ఆమెకు చూపించాను. గులాబీ చుక్కలు చూసి అక్క మురిసిపోయింది. బుద్ధిలేనిదాన్ని, నేనూ మురిసిపోయాను.

మూడు వారాలకు ఆయాసం ముదిరి, అక్కను చేర్పించిన పట్నం పెద్ద దవాఖానలో రక్త క్యాన్సర్ అన్నారు. దాచిపెట్టిన పలక పట్టుకుని పరిగెత్తాను. ఇద్దరు ఒకేసారి చూసే మైక్రోస్కోపు వాళ్లది. ఒకవైపు డాక్టరమ్మ, ఇంకోవైపు నేను. ఆమె పూత కొసన ఆగింది, లోపలా ఆగింది.

"ఈ పెద్దవే క్యాన్సర్ కణాలు. అప్పుడే ఉన్నాయి కదమ్మా," అంది.

అప్పుడే వచ్చి ఉంటే ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరకముందే మందు మొదలుపెట్టేవాళ్లమని కూడా చెప్పింది. నా పనికిమాలిన జాలి మా అక్కకు మూడు వారాలు లేకుండా చేసింది.

మంచం పక్కన కూర్చుని అక్కకు అంతా చెప్పేశాను. చూసి కూడా వదిలేశానని, రెండోసారి గుచ్చలేకపోయానని. ఇంతలో పలక మీదికి రక్తం తీయడానికి నర్సు వచ్చింది. రోజూ గుచ్చి గుచ్చి ఆ వేళ్లన్నీ కమిలిపోయి ఉన్నాయి. అక్క చెయ్యి నర్సుకు ఇవ్వలేదు, నా వైపు చాపింది.

"నువ్వే గుచ్చు. ఇగ వద్దంటనా, చెల్లె?"

గుచ్చాను. పూతను మధ్యలో ఆగకుండా ఒక్క ఊపున లాగాను. అంత చక్కటి పూత నా చేతుల్లో ఎన్నడూ రాలేదు. ఐదో రోజున అక్క పోయింది.