క్రేను దిగిన వరహాలు

వరహాలు పోర్టు దగ్గర ఒక ప్రైవేటు స్టాక్‌యార్డులో క్రేను ఆపరేటరు. కుర్రతనంలోనే తగరపువలస పక్క పల్లె నుంచి వచ్చి ఖలాసీగా చేరాడు. ఇనుప ప్లేట్ల మధ్యే పని నేర్చుకుని, చివరికి పైన కేబిన్లో కూర్చున్నాడు. ఊళ్లోవాళ్లకి అతను క్రేను వరహాలు. పెళ్లిళ్లకి వెళ్తే ఆ పేరుతోనే పిలిచి ముందు వరసలో కుర్చీ వేసేవారు.

కింద లోడుకి కొక్కెం తగిలించి సైగ చేసే ఖలాసీ పేరు జగ్గారావు. ఇద్దరికీ చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అనుకునేవారు. ఒక వానాకాలం ఉదయం జగ్గారావు లేపమని చెయ్యి ఎత్తి తిప్పాడు. వరహాలు లేపాడు. ప్లేట్లు మనిషెత్తు దాటగానే వైరుతాడు తెగింది. తప్పుకోబోయిన జగ్గారావు కాలు తడి నేల మీద జారింది, ప్లేట్లు అతని మీదే పడ్డాయి. కేబిన్లోంచి వరహాలుకి అంతా కనిపించింది.

తాడు పాతదని, ఆపరేటరు తప్పేమీ లేదని విచారణలో తేల్చారు. ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు గానీ వరహాలుకి ఆ మాట చెవికెక్కలేదు. జగ్గారావు పెద్దకర్మ అయిన కొద్దిరోజులకే డ్యూటీకి వెళ్లాడు. లోడు సగం ఎత్తుకి లేచేసరికి చేతులు బిగుసుకుపోయాయి. కింద మనుషులు అరుస్తున్నారు, వాకీటాకీలో సూపర్‌వైజరు తిడుతున్నాడు. అతను లీవరు కదపనూ లేడు, వదలనూ లేడు. ఇంకో ఆపరేటరు నిచ్చెనెక్కి వచ్చి, వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి, లోడు దింపాడు. ఆ పూటే సెలవు పెట్టించి ఇంటికి పంపేశారు.

అప్పట్నుంచి భార్య తాయారు చేతిలో గిన్నె జారినా ఉలిక్కిపడి ఆమె మీద విరుచుకుపడేవాడు. తర్వాత సిగ్గుపడి వెళ్లి మెట్ల మీద కూర్చునేవాడు. కలిపిన ముద్ద కంచంలోనే ఎండిపోయేది. కూతురు పుష్ప మందుల షాపులో పనిచేస్తుంది. కొన్నాళ్లు చూసి, ఒకరోజు ఫోను పట్టుకుని వచ్చింది.

“నాన్నా, ఫోన్లో మాటాడే కౌన్సిలరు ఒకావిడున్నారు. తెలుగులోనే మాటాడతారు.”

“నాకేటి పిచ్చెక్కిందేటి?”

“పిచ్చికి కాదు నాన్నా. ఒకసారి మాటాడి సూడు. నచ్చకపోతే మానేద్దూ గాని.”

రెండు గదుల ఇంట్లో చాటు లేక డాబా ఎక్కాడు. ఆరేసిన బట్టల మధ్య ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఫోను నీళ్ల ట్యాంకుకి ఆనించాడు. తెర మీద కనిపించినామె పేరు ఆశాజ్యోతి, మాట గోదావరి యాస.

“నిద్ర పడుతోందాండీ, వరహాలు గారూ?”

“పడతంది మేడమ్.”

“అన్నం తింటున్నారా?”

“బానే తింతన్నాను.”

రెండూ అబద్ధాలే. ఆమె గుచ్చి అడగలేదు. తర్వాత అతను చాలాసేపు ఏమీ మాట్లాడకపోయినా ఆమె అలాగే కూర్చుంది. చివరికి, వచ్చే వారం ఇదే వేళకి ఉంటానంది. అందరూ మర్చిపో, మర్చిపో అంటున్న రోజుల్లో ఆ మాట అనని మనిషి ఆమె ఒక్కర్తే. అందుకే మళ్లీ డాబా ఎక్కాడు.

అలా కొన్ని వారాలు గడిచాక అసలు మాట బయటపెట్టాడు. “ఆడు లేపమన్నాడు, నాను లేపేసేను. లేపకపోతే బతికుండేవోడు కదా మేడమ్.”

“తాడు తెగుతుందని మీకప్పుడు తెలుసా?”

“తెలీదు.”

“ఇప్పుడు తెలిసింది కదా అని, ఏమీ తెలియని అప్పటి వరహాలుని రోజూ శిక్షిస్తున్నారండి మీరు.”

తీగ మీది తువ్వాలు లాగి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏడిస్తే తేలికవుతుందంటారు గానీ, ఆ తర్వాతి రెండు రోజులూ ఇంకా బరువుగా గడిచాయి. అలా జరగొచ్చని ఆమె ముందే చెప్పింది. చేతులు బిగుసుకుంటే అరికాళ్లు నేలకి అదిమిపెట్టి, కళ్లెదురుగా ఉన్నవాటి పేర్లు పైకి చెప్పుకోమంది. ట్యాంకు, తీగ, గోడ అని చెప్పుకునేవాడు. ఒక్కోసారి పనిచేసేది, ఒక్కోసారి చేసేది కాదు.

జగ్గారావు భార్య నూకాలు క్షమిస్తే గుండె కుదుటపడుతుందేమోనని ఒకనాడు కంచరపాలెంలో వాళ్లింటికి వెళ్లాడు. నూకాలు గుమ్మంలోనే నిలబడింది.

“నీ తప్పని నాననలేదన్నా,” అంది. “కానీ నువ్వు కనపడితే నీ ఎనకాలే ఆయనొత్తన్నాడనిపిత్తంది. ఇంక రాకు.”

ఆ సంగతి ఆశాజ్యోతికి చెప్పాడు. “ఆవిడ అడిగింది అదొక్కటేనండి. అదే చెయ్యండి,” అంది.

సెలవు అయిపోవస్తోంది. “మళ్లీ ఎక్కకపోతే నానేటి మేడమ్? ఊళ్లో అందరూ క్రేను వరహాలంటారు.”

“ఎక్కి తీరాలని నేననలేదండి. మీకు ఎక్కాలనుందా?”

డాబా కింద వీధిలో ఆటోలు పోతున్నాయి. “లేదు,” అన్నాడు వరహాలు. అన్నాక తనే ఆశ్చర్యపోయాడు.

మేనేజరుతో ఏం చెప్పాలో ఆమెతో రెండుసార్లు అనుకుని చూసుకుని వెళ్లాడు. కిందపని ఏదైనా ఇమ్మన్నాడు. ఖాళీలు లేవన్నాడు మేనేజరు. పాత స్నేహితులు టీకొట్టు దగ్గర భుజం తట్టి, మాటలు వెతుక్కుని, పని ఉందని వెళ్లిపోయారు. బావమరిది చందు చేపలరేవు దగ్గర ఐస్ ప్లాంటులో పని చూపించాడు. ఐస్ దిమ్మలు మరలో వేసి పొడి చేసి బోట్లకి ఎక్కించడం. మోకాళ్ల దాకా బూట్లు, ఒళ్లంతా చలి. ఊళ్లో పెళ్లి పిలుపు వస్తే వెళ్లలేదు.

ఒక ఆదివారం తాయారు బట్టలు తియ్యడానికి డాబా మీదకొచ్చి, అతను ఫోన్లో ఉండటం చూసి వెనక్కి తిరిగింది.

“కూకో,” అన్నాడు వరహాలు.

ఆమె బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. ఆశాజ్యోతి పలకరించింది. “మీరెలా ఉన్నారండి, తాయారు గారూ?”

ఇన్నాళ్లలో ఆమెని ఆ మాట అడిగినవాళ్లు లేరు. చీరకొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. “ఈయన బాత్రూమ్‌లో ఆలీసం సేత్తే తలుపు కాడ నిలబడి ఇంటాను మేడమ్. ఏటి సేసుకుంటాడోనని బయ్యం.”

వరహాలుకి ఈ సంగతి తెలియదు. ఆమె మొహం చూడలేక తల దించుకున్నాడు.

“చచ్చిపోవాలని అనిపించిందా, వరహాలు గారూ?” ఆశాజ్యోతి సూటిగానే అడిగింది.

“అనిపించింది. ఇప్పుడు తగ్గింది. పోయిందని మాత్రం సెప్పలేను.”

తాయారు లేచి, తీగ మీది బట్టలు తీసి, మడత పెట్టినవే మళ్లీ మడత పెట్టింది. అలాంటి ఆలోచన వచ్చిన రోజున ముందు ఎవరికి చెప్పాలో ఆశాజ్యోతి ఇద్దరినీ అడిగింది. వరహాలు మానసిక వైద్యుణ్ణి కూడా కలవాలని, ఈ వారమే వెళ్లమని గట్టిగా చెప్పింది.

“నాకు సెప్తావా?” అంది తాయారు.

“సెప్తాను.”

డాక్టరు మందులు రాసిచ్చాడు. నిద్ర కొంచెం నయం. కేబిన్ మాత్రం కలల్లోకి వస్తూనే ఉంది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఐస్ ప్లాంటు నుంచి తాయారుకి ఫోను చేశాడు.

“తాయారూ, ఈయేళ బాగోలేదు.”

“అక్కడే ఉండు. వత్తన్నాను,” అని ఆమె పొయ్యి కట్టేసి, గుమ్మం దిగి ఆటో ఆపింది.