జిగురక్క మధ్యాహ్నపు మాత్ర

కుట్లు ఊడిన పుస్తకాన్ని పారేయడం నాకు చేతకాదు. అందుకే ఆ బైండింగు షాపుతో ఇన్నేళ్ల పరిచయం. వీధిలోంచి మెట్లు దిగితే ఒక పొడవాటి గది. మధ్యలో బల్ల, మూలన కాగితం కోసే మిషను, చిన్న పొయ్యి మీద ఉడుకుతూ మైదా జిగురు. ఆ జిగురు పెత్తనమంతా ఒకావిడది. నలభై దాటిన మనిషి, అందరికీ జిగురక్క. ఆమె కుంచె తిప్పితే అట్ట మీద ఒక్క బుడగ కూడా లేవదు. నోరు కుంచె కన్నా వేగం.

"మళ్లీ చింపుకొచ్చారా మాస్టారూ? చదువుతారా, పుస్తకాలతో కుస్తీ పడతారా?" అనేది నన్ను చూడగానే.

నేను ఎవరికీ ఏ పాఠమూ చెప్పలేదు. చేతిలో పుస్తకం ఉంటే చాలు, ఆమె లెక్కలో మాస్టారే.

ఒకరోజు మిగతావాళ్లు టీకి వెళ్లాక ఒక కాగితం నా ముందు పెట్టింది. ఆసుపత్రి రిపోర్టు. ఆమెకి హెచ్‌ఐవి ఉందని నాకు అప్పుడే తెలిసింది. పోయిన భర్త నుంచి వచ్చిందట. మందులు మొదలుపెట్టి చాలా ఏళ్లయిందట.

"ఇన్నాళ్లూ రక్తంలో వైరస్ కనిపించట్లేదనే రాసేవారు మాస్టారూ. ఇప్పుడేమో అంకె వేశారు. ఒక్క మాత్ర మానలేదు. ఒట్టు. మరి ఎక్కడినుంచి వచ్చింది?"

"కనిపించలేదంటే పోయినట్టేగా?"

"పోలేదు. ఉంటుంది. పరీక్షకి దొరకనంత తగ్గిపోతుంది. అలా ఉన్నంతకాలం ఇంకొకరికి అంటదని డాక్టరమ్మ చెప్పింది."

ఉంది, కనిపించదు, అంటదు. ఒక్కొక్క మాటా అర్థమైంది. మూడూ కలిపేసరికి నా తల తిరిగింది. ఇంటినిండా పుస్తకాలున్న మనిషిని, ఆ ఒక్క కాగితాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ మళ్లీ ఆమెకే ఇచ్చేశాను.

ఆమె అసలు భయం రోగం గురించి కాదు. కాగితం కోసే మిషను దగ్గర పనిచేసే కోతాయన గురించి. పేరుకే కోతాయన, నోరు విప్పి ఒక్క కోత కోసి ఎరగడు. భార్య పోయి ఒంటరిగా ఉంటున్నాడు. జిగురక్క తన సంగతంతా చెప్పాకే, ఆయన ఆమెతో పాటు ఆసుపత్రికి వెళ్లి, డాక్టరమ్మ మాట స్వయంగా విన్నాకే, రిజిస్టరాఫీసులో పెళ్లి చేసుకుందాం అనుకున్నారు. షాపులో మరెవరికీ ఈ ముక్క తెలియదు. ఇంతలో ఈ అంకె.

"మాత్రలు మానేస్తున్నారా అని డాక్టరమ్మ ఆయన ముందే అడిగింది. లేదన్నాను. ఆయన నా మొహం వంక చూశాడు మాస్టారూ. ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది."

మరో మూడు నెలలకి మళ్లీ పరీక్ష. అప్పటికీ తగ్గకపోతే మందులు మార్చాలేమోనన్నారు. పెళ్లి ఊసు ఆగిపోయింది. నేను వెళ్లినప్పుడల్లా మిషను చప్పుడు, కుంచె చప్పుడు తప్ప వాళ్లిద్దరి మధ్యా మాట వినిపించేది కాదు. ఎవరిని నమ్మాలో నాకూ తెలియలేదు. ఆమె అబద్ధమాడే మనిషి కాదు. రక్తం మాత్రం ఎందుకు అబద్ధమాడుతుంది?

పరీక్ష కంటే ముందు ఆసుపత్రిలో కౌన్సెలరు ఆమెని పిలిచింది. తోడు రమ్మంటే నేనే వెళ్లాను. కౌన్సెలరు కోప్పడలేదు. "మాత్ర ఎప్పుడు వేసుకుంటారో, ఎలా వేసుకుంటారో చేసి చూపించండక్కా" అంది.

జిగురక్క హుషారుగా చెప్పుకొచ్చింది. ఇదివరకు రాత్రిళ్లు ఇంట్లోనే వేసుకునేది. ఈ ఏడే ఆ ఒక్క గదిలోకి అక్కా, అక్క పిల్లలూ వచ్చి చేరారు. ఆ పిల్లలు చెయ్యి పెట్టని డబ్బా లేదు. అందుకని మాత్రని షాపుకి మార్చింది. షాపులోనూ కళ్లే కళ్లు. అయితే అక్కడ గులాబీరంగు సీసా ఒకటి ఉంది. జిగురు వాసనకి కడుపులో మంటని, భోజనాలయ్యాక అందరూ తలా ఒక మూత గ్యాస్ మందు తాగడం ఆ షాపు ఆనవాయితీ.

"మాత్ర నాలిక కింద పెట్టుకుంటాను. నా వంతు రాగానే మూతెడు మందుతో గుటుక్కున మింగేస్తాను. పక్కన కూర్చున్నవాడికి కూడా తెలీదు!"

కౌన్సెలరు కలం కింద పెట్టింది. "రోజూనా?"

"రోజూనే. చెప్పాగా, ఒక్కరోజు మానలేదని."

ఆ సీసాలో మందు ఈ మాత్రని కడుపులోనే పట్టేసుకుంటుందట, రక్తంలోకి సరిగ్గా ఎక్కనివ్వదట. గ్యాస్ మందు తాగేదుంటే మాత్ర దానికి రెండు గంటల ముందైనా వేసుకోవాలి, లేదా ఆరు గంటల తర్వాతైనా. కౌన్సెలరు రెండుసార్లు చెప్పింది.

బయటికి రాగానే జిగురక్క బెంచీ మీద కూర్చుంది. "అంటే వేసుకున్నట్టా, వేసుకోనట్టా మాస్టారూ?"

"రెండూను" అన్నాను. అదీ సరైన జవాబో కాదో నాకు తెలియదు.

ఆ తర్వాత రోజూ పొద్దున ఒకే టైముకి పని మధ్యలో లేచి పెరట్లో కుళాయి దగ్గర నీళ్లతో మాత్ర వేసుకోవడం మొదలుపెట్టింది. భోజనాలయ్యాక సీసా తన దాకా వస్తే "నాకు మంట తగ్గిందర్రా" అని పక్కకి జరిపేసేది. "నీకు మంట తగ్గడమేంటక్కా, మాకెవరికీ తగ్గలేదే!" అని అందరూ ఏడిపించేవారు. కోతాయనకి ఆమె ఏమీ చెప్పలేదు. చెబితే సాకనుకుంటాడని.

పరీక్ష ఫలితం వచ్చింది. వైరస్ కనిపించలేదు.

మర్నాడు పొద్దున నేను అట్ట కోసం వెళ్లి కూర్చున్నాను. కోతాయన మిషను ఆపి ఆమె దగ్గరికొచ్చాడు. ఫలితమూ, సీసా సంగతీ ఆసుపత్రికి వెళ్లి డాక్టరమ్మనే అడిగి తెలుసుకున్నాడట.

"సోమవారం ఆఫీసుకి వెళ్దామా?" అన్నాడు మెల్లగా.

"ఏ ఆఫీసు?" కుంచె ఆగలేదు.

"తెలీనట్టు అడుగుతావేం?"

"నిజంగానే తెలీట్లేదయ్యా. మొన్న నేను మానేశాననుకున్నావు. ఇవాళ నమ్ముతున్నావు. మధ్యలో నేనేం మారలేదే. అంకె మారింది. మళ్లీ ఎప్పుడన్నా మారితే?"

ఆయన పెరట్లోకి వెళ్లాడు. అలిగి వెళ్లిపోయాడనే అనుకున్నాను. గ్లాసుతో నీళ్లు తెచ్చి, జిగురు గిన్నె పక్కన జాగా చేసి పెట్టాడు.

"టైమయింది. వేసుకో."

బల్ల చుట్టూ చేతులు ఆగాయి. జిగురక్క గ్లాసు వంక చూసింది, అందరి వంకా చూసింది. కొంగుకి చేతులు తుడుచుకుని, ముడి విప్పి మాత్ర తీసి, అందరూ చూస్తుండగానే వేసుకుంది.

"ఏం మాత్రక్కా అది?" అన్నారెవరో.

"బతికే మాత్ర. నీ పని చూసుకో."

ఖాళీ గ్లాసు కోతాయన చేతికిచ్చింది. "సోమవారం కుదరదు. అట్టలు ఆరాలి. బుధవారం చూద్దాం."

అది ఒప్పుకోవడమో, వాయిదా వేయడమో నాకు అర్థం కాలేదు. కోతాయనకీ అర్థమైనట్టు లేదు. గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు.